మా మేనత్త ఫ్లష్ ట్యాంకు

మా నాన్న పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆయన చెల్లెలు, అంటే మా మేనత్త, పట్టిన కుందేటికి ఎన్ని కాళ్ళుంటాయో తెలియదు కానీ, పట్టిందంటే ఆవిడ వదలదు. అలాంటి ఇద్దరి మధ్య ఒక ఫ్లష్ ట్యాంకు వచ్చి పడింది. నువ్వెవరి పక్షం అని నన్నడిగితే చెప్పడానికి నాకేం మొహమాటం లేదు, అత్త పక్షమే.

అత్త బట్టలు కుడుతుంది. మొగుడు చెయ్యెత్తిన రోజునే కుట్టుమిషను బండిలో వేసుకుని ఆ ఇంట్లోంచి వచ్చేసింది. ఆ తర్వాత కొన్నేళ్ళు మా ఇంట్లో, వరండాలో ఒక మూల కూర్చుని కుట్టుకుంది. మిషను చప్పుడుకి నాన్నకు తలనొప్పి వస్తే ఆపాలి. బయటికి వెళ్తే ఎక్కడికని, తిరిగొస్తే ఇంతసేపేమిటని. ఆవిణ్ణి మన ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదని నాన్న ఇప్పటికీ అంటాడు. నిజమే, అనలేదు. అడిగారంతే. రోజూ అడిగారు.

ఆ అడగడాలు పడలేకే అత్త ఒక మేడ మీద గది అద్దెకు తీసుకుంది. ఒక గది, ఒక వంట గట్టు, ఒక బాత్రూము. కిటికీ పక్కన మిషను వేసుకుని ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తొక్కుకుంటుంది. తాళం చెవి మెడలో గొలుసుకు వేసుకుని తిరుగుతుంది. నగలు అమ్మేసిన మెడలో అదొక్కటే మిగిలిందని అమ్మ ఎకసెక్కెమాడితే, "ఇంతకంటే మంచి నగ నాకెవరూ చేయించలేదు వదినా" అంది.

ఆ బాత్రూములోని ట్యాంకు మొదట్లో ఉత్తినే సణిగేది. నిండాక కూడా నీళ్ళు ఆగకుండా సన్నగా కమోడ్‌లోకి జారుతూ ఉండేవి. ప్లంబరుకు ఫోన్ చేస్తే "దారిలో ఉన్నానమ్మా" అన్నాడు. ఎప్పుడు చేసినా దారిలోనే ఉండేవాడు. ఇంతలో నాన్న ఒకరోజు చూసిపోదామని వచ్చి, "నేనుండగా ప్లంబరెందుకు" అని చొక్కా చేతులు మడిచి లోపలికి వెళ్ళాడు. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అయిపోయింది. ఇక చుక్క కారితే నన్నడుగు" అన్నాడు.

మర్నాటి నుంచి ట్యాంకు మూత కింద నుంచే నీళ్ళు పొంగి నేల మీద పడ్డాయి. అవి కింద కాపురముండే ఇంటి ఓనరు పడగ్గది పైకప్పులోకి దిగాయి. ఓనరు చెడ్డవాడు కాదు కానీ, మంచం మీద నీళ్ళు పడుతుంటే మంచితనం ఎంతకాలం నిలుస్తుంది? "ఆదివారంలోగా బాగుచేయించండమ్మా. లేకపోతే గది ఖాళీ చెయ్యండి. నావల్ల కాదు" అన్నాడు.

ఈ సంగతి తెలిసి నాన్న బాధపడ్డాడని చెప్పలేను. "మగదిక్కు లేని ఇల్లు అలాగే ఉంటుంది. ఆదివారం వ్యాను తెస్తాను, సామాను సర్దుకో" అని ఫోన్లో చెప్పాడు. వరండాలో ఆ మూల ఖాళీ చేయించడం కూడా మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. శనివారం పొద్దున్నే అత్త దగ్గరికి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపి, స్టూలెక్కి ట్యాంకు మూత తీసి ఉంది. "మిషను విప్పి బిగిస్తాను, దీన్ని విప్పలేనా?" అంది. విప్పడమైతే విప్పింది. నీళ్ళొచ్చే కొళాయి కట్టెయ్యడం మరిచిపోవడంతో ఇద్దరం తలస్నానం చేశాం.

కొళాయి కట్టి, ఫ్లష్ నొక్కి, ఖాళీ ట్యాంకులోకి చూశాం. లోపల నిలువుగా ఒక గొట్టం ఉంది. నీళ్ళు మరీ ఎక్కువైతే బయటికి పొంగకుండా అందులోంచి కమోడ్‌లోకి పోవాలి. ఆ గొట్టం నోట్లో ఎవరో ఒక గుడ్డను గట్టిగా కుక్కి పెట్టారు. అత్త లాగితే గళ్ళ చొక్కా చెయ్యి ఒకటి బయటికొచ్చింది. ఆ చొక్కా మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఇంట్లో ఏది కారినా నాన్న వైద్యం గుడ్డే. కిటికీకి గుడ్డ, కొళాయికి గుడ్డ, నీళ్ళ పైపుకి గుడ్డ. నీళ్ళు పోయే కన్నం కనబడగానే స్కూటరు తుడిచే పాతచొక్కా చింపి దాన్నీ మూసేశాడు.

నాకు నవ్వాగలేదు. అత్త నవ్వలేదు. ఆ గుడ్డను పిండి తీగ మీద ఆరేసింది.

గుడ్డ తీశాక నేల మీదికి పొంగడం ఆగింది కానీ, సణుగుడు ఆగలేదు. నీళ్ళొచ్చే చోట రబ్బరు వాషరు అరిగిపోయి ఉంది. దాన్ని ఊడదీసి పైపుల కొట్టుకి పట్టుకెళ్ళాం. కొట్టువాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంట్లో మగాళ్ళెవరైనా ఉంటే పంపండమ్మా, చెప్తాను" అన్నాడు.

"మగాళ్ళు చేసింది సరిచెయ్యడానికే వచ్చాను. ఇలాంటిదే ఇవ్వు" అంది అత్త.

కొత్త వాషరును మొదట తిరగేసి బిగించింది. విప్పింది. మళ్ళీ బిగించింది. వేలు చీరుకుంటే చీర కొంగుతోనే చుట్టుకుంది. నీళ్ళ మీద తేలే బంతి కడ్డీని కొంచెం కిందికి వంచింది. అప్పుడు కొళాయి తిప్పింది. నీళ్ళు నిండాయి, గొట్టానికి కాస్త దిగువన ఆగిపోయాయి. ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం. ఏమీ వినబడలేదు. అత్త కళ్ళు తుడుచుకుంది. సంతోషం అనుకున్నాను కానీ, అది కోపమని తర్వాత చెప్పింది.

ఆదివారం నాన్న వ్యానుతో, డ్రైవరుతో దిగాడు. అప్పటికే ఓనరు పైకొచ్చి, రాత్రంతా చుక్క పడలేదని చెబుతున్నాడు. నాన్న ఒప్పుకుంటాడా?

"ఇవాళ పడలేదు, రేపు పడుతుంది. దీని సంగతి నాకు తెలుసు" అంటూ బాత్రూములోకి వెళ్ళి మూత ఎత్తాడు. లోపలి నుంచే గట్టిగా అడిగాడు: "ఇక్కడ గొట్టంలో గుడ్డ పెట్టానే, ఎవరు తీశారు?"

ఓనరు నా వైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను.

నాన్న బయటికొచ్చాడు. మా మొహాలు చూసేసరికి ఆయనకే ఏదో అర్థమైనట్టుంది, గొంతు తగ్గించాడు. "సరేలే, బాగైంది కదా. కానీ ఇంకోసారి కారితే ఏం చేస్తావు అమ్మాయ్? ఎవరున్నారు నీకు?"

"కారితే తుడుచుకుంటాను అన్నయ్యా. బాగైంది కాబట్టి ఉంటానని అనుకోకు. బాగవకపోయినా నీ వరండాలోకి రాను. ఈ గదిలోంచి పంపిస్తే ఇంకో గది చూసుకుంటాను."

ఆవిడ గొంతు పెంచలేదు. నాన్న కూర్చోవడానికి కుర్చీ కోసం చూశాడు. ఉన్న ఒక్క కుర్చీ మిషను ముందుంది. అందులో అత్త కూర్చుంది.

అప్పుడే డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. "సామాను ఎక్కడుందండీ? ఎక్కించమంటారా?"

అత్త మిషను సొరుగు లాగింది. గళ్ళ చొక్కా చెయ్యి ఉతికి, ఇస్త్రీ చేసి, చిరిగిన అంచు మడిచి కుట్టి ఉంది. దాన్ని తెచ్చి డ్రైవరు చేతిలో పెట్టింది.

"ఇదే బాబూ సామాను. ఆయన ఇంటి దగ్గర దించెయ్."