కత్తిరించిన చొక్కా

ఆ హౌస్ సర్జన్ పిల్ల డ్యూటీ నుంచి వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, కంచం చేత్తో పట్టుకుని నిలబడే తింటుంది. కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారని ఏడాదిగా అలవాటు. ఏం తిన్నావని అడిగితే కంచంలోకి చూసి చెబుతుంది. ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీకి ఆన్‌లైన్ ఆప్షన్లలో రెండు ఆసుపత్రుల్లో ఏది ముందు పెట్టాలో సాయంత్రం అయిదులోగా తేల్చాలి. అక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, కాగితం మీద రెండు గడులు గీసింది.

"పెద్దదాంట్లో కేసులెక్కువ, మిషన్లు కొత్తవి, హాస్టల్ పక్కనే. రెండోదాంట్లో ఏముందే?"

"ఏమీ లేదక్కా."

పోయిన నెల రెండూ చూసొచ్చింది. రెండు చోట్లా ఆమె కళ్ల ముందే ఒక్కో మనిషి పోయాడు. గుండె నొక్కడానికి చొక్కా నిలువునా కత్తిరించారు; చివరికి డాక్టరు గోడ గడియారం చూసి టైము చెప్పాడు. ఆమెకి ఏడుపు రాలేదు, ఆకలేసింది. పెద్దదాంట్లో చొక్కా అలా తెరిచి ఉండగానే తెర తీసి అతని భార్యని పిలిచారు. రెండోదాంట్లో ముసలి నర్సు తెర బయటున్న భార్యతో "ఒక్క నిమిషం ఆగమ్మా" అని, చొక్కా ముక్కలు రెండూ దగ్గరికి లాగి ప్లాస్టరుతో అతికించి, అప్పుడు పిలిచింది.

అయిదుకి పది నిమిషాలుండగా ఆమె రెండోదాన్నే ముందు పెట్టింది.

"నీకేమైనా పిచ్చా? అమ్మకి నేనేం చెప్పను?" అంది అక్క.

ఆమె ఫోను పక్కన పెట్టింది.

"అక్కడ ప్లాస్టరు ఉంటుందని చెప్పు" అని, చల్లారిన కంచం తీసుకుని మళ్లీ నిలబడింది.