గుట్ట కింద గుంజీళ్లు

నాకు యాభై దాటాక గుట్టలు ఎత్తు పెరిగాయి. ఎవరూ నమ్మలేదు గానీ పెరిగాయి. ముఖ్యంగా చర్ల రోడ్డు వదిలి అడవిలోకి పోతే వచ్చే గుట్ట. దాని మీద ఒక గూడెం. ఏటా వానలు పడకముందే అక్కడి పశువులకు గొంతువాపు రాకుండా సూదులు వేయడం పశువుల దవాఖానాలో కంపౌండరుగా నా పని. పాతికేళ్లుగా ఆ గుట్టను సైకిలు దిగకుండా ఎక్కినవాణ్ణి నేను. దిగి నడిపించుకుంటూ పోతే ఏం పోయిందని మా ఆవిడ అడిగేది. పరువు పోతుంది, ఇంకేం పోవాలి! పైగా నేను ఎక్కలేకపోతున్నానని ఆఫీసులో తెలిస్తే నన్ను రిజిస్టర్ల ముందు కూర్చోబెట్టి, గుట్ట ఇంకొకరికి ఇచ్చేస్తారు. అది నా ప్రాణం పోయినంత పని.

అందుకే ఎవరికీ చెప్పకుండా భద్రాచలం దవాఖానాలో మనుషుల డాక్టరుకు మోకాళ్లు చూపించాను. ఆయన నా మోకాలిని అటూ ఇటూ వంచి, కిర్రుమంటే విని, "ఎక్కే ముందు వార్మప్ చెయ్యండి" అన్నాడు.

"అంటే?"

"ఏం లేదండీ, ఒళ్లు కాస్త వేడి చేసుకోవడం."

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే మా ఆవిడ గుండె బాదుకుంది. "వేడి చేస్తే ఇంకేమన్నా ఉందా? పోయిన ఎండాకాలం నోరంతా పూసి నాలుగు రోజులు పెరుగన్నం తింటివి, మర్చిపోయినవా?" డాక్టరు చెప్పిన వేడి, ఆమె చెప్పే వేడి ఒకటి కాదని చెప్పబోయాను. వింటేగా! చివరికి ఇద్దరి మాటా నిలబెట్టాను. గుట్ట కింద ఒళ్లు వేడి చేసుకోవాలి, వెంటనే ఆమె సీసాలో పోసిచ్చిన మజ్జిగ తాగి చల్లబడాలి.

వేడి చేసుకోవడానికి నాకు తెలిసిన కసరత్తు ఒక్కటే, గుంజీళ్లు. బడిలో చదువు అబ్బలేదు గానీ ఇవి బాగా అబ్బాయి. పెద్దవాణ్ణి కదా అని చెవులు వదిలేసి తీయబోయాను. రెండోదానికే వెల్లకిలా పడ్డాను. ఏళ్ల తరబడి అలవాటైన ఒళ్లు, చెవులు పట్టుకుంటేనే లేచేది. సరే, అడవిలో చూసేదెవరులే అనుకున్నాను.

ఆ ఏడాది సూదుల రోజు భద్రాచలంలో ఐసు కొని, ఫ్లాస్కులో మందు సీసాల చుట్టూ కూరి, సైకిలును బస్సు టాపు మీద వేయించి, గుట్ట దారి దగ్గర దిగాను. ఐసు కరిగేలోపు మందు వాడెయ్యాలి. అయినా సైకిలుకు స్టాండు వేసి, చెవులు పట్టుకుని, గుట్టకు ఎదురుగా నిలబడి ఇరవై గుంజీళ్లు తీశాను. పదిహేనో దాని దగ్గర "అమ్మా, తల్లీ!" అని మూలిగాను కూడా. తర్వాత మజ్జిగ తాగి తొక్కడం మొదలుపెట్టాను.

నిజం చెప్పాలి, ఎక్కాను. నాలుకైతే బయటికొచ్చింది గానీ దిగకుండానే ఎక్కాను. కేక వేద్దామని తలెత్తి చూస్తే గూడెంలో ఒక్క గొడ్డు లేదు. కట్టుకొయ్యలన్నీ ఖాళీ. గూడెం పెద్దమనిషి, నలుగురు మగవాళ్లు, తునికాకు కట్టలు కడుతున్న ఒక ముసలవ్వ, అంతే.

"గొడ్లేవి?" అన్నాను ఆయాసపడుతూ.

"అడవిల ఉన్నయి" అన్నాడు పెద్దమనిషి. "ఈ ఏడు సూదులు వద్దు సారూ."

"ఏంది, వద్దా? ఐసు కరుగుతోందయ్యా!"

అవ్వ కట్ట పక్కన పెట్టి నా ఎదుటికొచ్చింది. "నేను ఆకు కోస్తుంటే చూసి, అడ్డదారిల వచ్చి అందరికి చెప్పిన. కింద చెవులు పట్టుకొని గుంజీళ్లు తీస్తివి. తప్పు జేసినోడే గట్ల తీస్తడు. పోయినేడు నీ సూదికి మా ఎద్దు మూడొద్దులు మేత ముట్టలే. ఈసారి గొడ్లు చస్తయని నీకు ముందుగాల్నే ఎరుకేనా? అందుకే గుట్టకు మాఫీ చెప్పుకుంటున్నవా?"

ఆమె మాటల్లో తప్పేముంది? కంపౌండరు చెవులు పట్టుకుని, అమ్మా తల్లీ అని ఏడుస్తూ, సీసాలోంచి తెల్లటిదేదో తాగి, గొడ్లకు సూదులేయడానికి వస్తున్నాడు. నేనైనా మా ఆవును దాచేసేవాణ్ణే.

"అది కసరత్తు అవ్వా. పట్నంలో పెద్ద పెద్ద ఆటగాళ్లు చేస్తారు."

"చెవులు పట్టుకొనా?"

ఆ నలుగురూ నా చెవుల వైపు చూశారు. ఎర్రగా కందిపోయి ఉన్నట్టున్నాయి. ఫ్లాస్కు ఊపి చూశాను. లోపల గలగల తగ్గి నీళ్ల చప్పుడు వస్తోంది. ఇంకాసేపైతే మందు పారబోయాల్సిందే. ఆ ఏడు గొంతువాపు తగిలితే ఈ కట్టుకొయ్యలు నిజంగానే ఖాళీ అవుతాయి. గొంతు వాచి, ఊపిరాడక, గురక పెడుతూ గొడ్లు చావడం నేను చూసినవాణ్ణి. నా పరువు చూసుకుంటే కుదరదు.

"మోకాళ్లు పోయినయి" అన్నాను.

"ఏంది?"

"మోకాళ్లు పోయినయే తల్లీ! ముసలోణ్ణి అయిపోయిన! గుంజీళ్లు తీయకుంటే ఈ గుట్ట ఎక్కలేను! చాలా?" అని అరిచాను. ఇంట్లో కూడా పలకని మాట, గుట్ట మీద నలుగురి ముందు పలికాను.

అవ్వ వంగి, ప్యాంటు మీదుగానే నా మోకాలు పట్టుకుని, "ఏదీ, వంచు" అంది. వంచాను. కిర్రుమంది. ఆమె వాళ్ల భాషలో ఏదో కేకేసింది. మగవాళ్లు పడీపడీ నవ్వారు. అప్పటికి గానీ వాళ్లకు నమ్మకం కుదరలేదు. నా పాతికేళ్ల సర్వీసును నమ్మలేదు, సర్కారు సీలున్న సీసాను నమ్మలేదు, ఆ కిర్రును నమ్మారు.

"ముసలోనివైతే ముసలోణ్ణని చెప్పరాదు? గిట్ల జేస్తే మేమేమనుకోవాలె?" అని తిట్టి, పొదల్లో కట్టేసిన తన ఆవును ముందుగా తనే తోలుకొచ్చింది. మగవాళ్లు అడవిలోకి పరుగెత్తి మిగతావి తెచ్చారు. చివరి దూడకు సూది వేసేసరికి ఫ్లాస్కులో చిన్న ఐసు ముక్క ఒక్కటి మిగిలింది. హమ్మయ్య అని మొద్దు మీద కూలబడ్డాను.

పెద్దమనిషి వచ్చి పక్కన కూర్చున్నాడు. "సారూ, మేము మాట్లాడుకున్నం. పై ఏడు నువ్వు ఎక్కొద్దు. గొడ్లనే కిందికి తోలుకొస్తం. నువ్వు రోడ్డు కాడ కూసో."

ఎంత మంచి మనసు! ఇంకొకరైతే చేతులెత్తి దండం పెట్టేవారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. "ఎందుకు తోలుకొస్తరు? నేను ఎక్కుతా! దిగకుండా ఎక్కుతా!" అని లేవబోయాను. లేవలేకపోయాను.

"అవ్ సారూ, ఎక్కుతవ్" అన్నాడు పెద్దమనిషి మెల్లగా. చెయ్యందించి లేపాడు.

మరుసటేడు మాట ప్రకారం అన్నింటినీ తోలుకొచ్చారు. నేను రోడ్డు పక్కన స్టూలు వేసుకుని, గుట్టకు వీపు తిప్పి కూర్చుని సూదులు వేశాను.