గట్టునే కొండ చేసిన డ్రిల్లు మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు మొన్న బుధవారం మధ్యాహ్నం చనిపోయారు. భోజనం చేసి వరండాలో కుర్చీలో కూర్చున్నారు, మళ్లీ లేవలేదు. ఈ నెల ఆఖరి ఆదివారం ఏటిగట్టు మీద ఏటా మేం పెట్టుకునే పరుగు ఉంది. ఆయన లేరు కాబట్టి ఇక అదీ లేదని ఊళ్లో అనుకుంటున్నారు. అందుకే ఇది ఇప్పుడే రాయాల్సి వచ్చింది. నిజానికి పరుగు ఉంటుందో లేదో మాకూ తెలియదు. అది మా చెల్లిని బట్టి ఉంటుంది. ఆయన పోయిన దగ్గర్నుంచి చెల్లి గట్టు ఎక్కడం లేదు. రోజూ పొద్దున్నే గట్టు కింద దాకా వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగి వచ్చేస్తోంది.

చెల్లికి పంతొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, అవీ తనకి అవసరమైనప్పుడే. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పోతుంది. మాది కొత్తపేట దగ్గర, గౌతమి ఒడ్డున ఊరు. నాన్న కొబ్బరికాయలు దింపుతారు. అమ్మ ఈనెలు చీల్చి చీపుర్లు కడుతుంది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. మాస్టారిది పక్కిల్లు. బడిలో నాకు డ్రిల్లు చెప్పింది కూడా ఆయనే.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈల మెడలోనే ఉండేది. రిటైరయ్యాక కూడా తీయలేదు. పాలవాణ్ణి పిలవడానికీ ఈలే, కాకుల్ని తోలడానికీ ఈలే. ఒకరోజు ఆయన ఈల వేసినప్పుడు దడి ఇవతల చెల్లి చెవులు మూసుకోవడం చూశారు. ఆ పూటే దాన్ని తీసి బీరువాలో పెట్టేశారు. ఆయన భార్య కూడా టీచరుగా చేశారు, మేం టీచరమ్మగారు అంటాం. ఆవిడ ఊరుకోలేదు.

"ముప్పై ఏళ్లనించీ నావీ చెవులేనండీ. నాకోసం ఒక్కపూట తీసేరా?"

"నువ్వెప్పుడూ మూసుకోలేదు కదా. నాకెలా తెలుస్తాది?" అన్నారు మాస్టారు.

తర్వాత తువ్వాలు ఆయన ఈల అయింది. పైకెత్తితే పరిగెత్తాలి, దించితే ఆగాలి. చెల్లికి అది నచ్చింది.

మూడేళ్ల కిందట ఆయన ఫోన్లో ఏదో వీడియో చూశారు. ఎక్కడో ఒక కుటుంబం, ఆటిజం ఉన్న తమ బిడ్డతో కలిసి, నలుగురికీ ఆ సంగతి తెలియాలని కొండ మీదకి పరిగెడుతోంది. మర్నాడు మా ఇంటికి వచ్చి, మనమూ చేద్దామన్నారు.

"కొండెక్కడుందండీ మాస్టారూ? ఈ చుట్టుపక్కల ఎత్తుగా ఉన్నవి నా చెట్లే" అన్నారు నాన్న.

"గట్టుంది కదయ్యా. ఒకసారి ఎక్కితే గట్టు. వందసార్లు ఎక్కితే కొండ."

"అలాగైతే నేను రోజూ కొండెక్కుతున్నానండి. ఒక్కరూ దండ వెయ్యలేదు."

పరుగు రోజున మాస్టారు నిజంగానే బంతిపూల దండ తెచ్చి నాన్న మెడలో వేశారు. నాన్న దాన్ని తీయకుండానే పరిగెత్తారు. రేవు నుంచి గట్టు మీదకి ఏటవాలుగా దారి ఉంది. మా నలుగురికీ ముందు మాస్టారు, ఆయన వెనకాల చెల్లి, ఆయన అడుగులో అడుగు. నలుగురం ఎక్కినవి కలిపి వంద అవ్వాలి. నాకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవారు: "తొందర లేదమ్మా. కొండ ఎక్కడికీ పోదు."

ఆ మొదటి ఏడు జరిగిన ఒక సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అట్ట మీద నేనే పెద్ద అక్షరాలతో రాశాను: "మా చెల్లికి ఆటిజం ఉంది. అది జబ్బు కాదు. ఆమె తీరు వేరు. తొందరపెట్టకండి." దాన్ని అమ్మ చేతికిచ్చాను. అమ్మ రెండు చేతులతో గుండెలకి ఆనించి పట్టుకుని, చెప్పులు విడిచి, అందరికన్నా వేగంగా ఎక్కింది. రేవుకి వచ్చిన ఆడవాళ్లు బిందెలు దించి అమ్మ పాదాల మీద నీళ్లు పోశారు. ఒకావిడ పసుపు కూడా రాసింది.

"ఏ అమ్మవారికి మొక్కుకున్నారండీ?" అని అడిగిందావిడ.

"అందరికీనండి" అంది అమ్మ. "పిల్లకి మాటొస్తే చాలండి, ఆయ్."

నాకు తల కొట్టేసినట్టయింది. వెళ్లి మాస్టారితో చెప్పాను, అమ్మ మొత్తం పాడుచేసిందని. ఆయన కోప్పడలేదు.

"అట్ట నువ్వే రాసేవు కదమ్మా. మీ అమ్మకి చదివి వినిపించేవా?"

వినిపించలేదు. అమ్మకి చదువు రాదని తెలిసి కూడా, చెప్పాలని నాకు తోచలేదు. సాయంత్రం ఈనెలు చీలుస్తున్న అమ్మ పక్కన కూర్చుని అట్ట మీది నాలుగు మాటలూ చదివాను. అమ్మ కత్తి ఆపకుండానే అడిగింది.

"అంటే నయం అవ్వదా?"

"నయం చెయ్యడానికి జబ్బు కాదమ్మా."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదే. మొక్కు వేగం తీర్చేద్దామని గుండెలు పగిలేలా పరిగెత్తేను. నెమ్మదిగా దానితో పాటే ఎక్కేదాన్ని."

మరుసటి ఏడు ఎవరో బిందె దించబోతే అమ్మే ఆపింది. "మొక్కు కాదండి. మా అమ్మాయి పరిగెడతాదండి, కూడా వచ్చేం." నేను ఎన్ని అట్టలు రాసినా అంత బాగా చెప్పలేను.

మొన్న మాస్టారు పోయాక ఆయన ఇంటి ముందు జనం చేరినప్పుడు, చెల్లి అరుస్తుంది, తీసుకురావద్దని ఎవరో అన్నారు. టీచరమ్మగారు చర్చి వాళ్లని పాటలు కాసేపు ఆపమని, చెల్లిని రమ్మన్నారు. చెల్లి ఆయన మొహం చూడలేదు. మేజోళ్లున్న కాళ్లు చూసింది. వరండాలోకి వెళ్లి ఆయన కాన్వాసు బూట్లు తెచ్చి, ఆయన్ని పడుకోబెట్టిన పెట్టె పక్కన పెట్టింది. ఎవరో తీయబోతే టీచరమ్మగారు వద్దన్నారు.

రెండో ఏడు మాతో పరిగెత్తడానికి పాతికమంది దాకా వచ్చారు. అంతమందిని చూసి చెల్లి దారి మధ్యలో కూర్చుండిపోయింది. "ముక్కూ మొహం తెలీని వాళ్లు ఒక్కసారి మీదకొస్తే ఎవరికైనా అంతే" అన్నారు మాస్టారు. మూడో ఏడు, వస్తామన్న వాళ్ల ఫోటోలు ముందే అడిగి తెచ్చి, మా తలుపు మీద రోజుకి రెండు చొప్పున అంటించి, పేర్లు చెప్పారు. మొదటిది ఆయనది. చెల్లికి ఇష్టంలేని ఫోటో పీకేసేది, ఆయన మర్నాడు ఇంకొకటి తెచ్చేవారు. ఆ ఏడు చెల్లి ఆఖరి దాకా పరిగెత్తింది.

ఈసారి ముందు తనే పరిగెడతానంది అమ్మ. కొత్తపేట వెళ్లి ఫోటో దిగి, మాస్టారి ఫోటో పక్కన అంటించింది. మూడు రోజులైంది. చెల్లి దాన్ని పీకలేదు. నిన్న పొద్దున్న అమ్మ ఒక్కతే గట్టు ఎక్కి దిగింది. చెల్లి కింద నిలబడి, అమ్మ దిగేదాకా ఇంటికి రాలేదు. ఇంతకన్నా నేను చెప్పగలిగింది లేదు.

రావాలనుకునే వాళ్లు దయచేసి ఒక ఫోటో పంపండి, వెనకాల పేరు రాయండి. ఈ పత్రిక వాళ్లు మాకు చేరుస్తామన్నారు. నల్లకళ్లద్దాలు, టోపీలు వద్దు. ఆ ఆదివారం పొద్దున్న ఎలా వస్తారో అలాగే దిగండి. మీ ఇంట్లో ఇలాంటి పిల్లలుండి, నలుగురిలోకి తీసుకురావడానికి జంకుతుంటే, రాకపోయినా సరే, వాళ్ల ఫోటో పంపండి. తలుపు మీద చోటుంది. చెల్లికి రోజుకి రెండు మొహాలకన్నా ఎక్కువ చూపించలేం కాబట్టి, ఈ నెల పదిహేనో తేదీలోగా మాకు చేరేలా చూడండి.