అవ్వ గాడిద మీద కేసు

ముందే చెప్పేస్తున్నాను: బంగారానికి తీసినట్టు నా మాటలకూ తరుగు తీసి చదువుకోండి. నాకు చలిజ్వరమొచ్చిందంటే మా ఆవిడ ముందుగా తుమ్మేమోనని చూస్తుంది.

మొన్న తార్నాక చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఒక ఆటోను ఆపాడు. అందులోంచి జనం దిగుతూనే ఉన్నారు. వాళ్లతో ఒక ఊరికి సర్పంచి ఎన్నిక పెట్టుకోవచ్చు. "గాడిద మీద ఏసినట్టు ఏసినవేందిరా!" అని పోలీసు అరవగానే లాలాపేట అవ్వ గాడిద నా కళ్ల ముందుకొచ్చి నిలబడింది.

అరవయ్యో దశకం చివరి రోజులు. నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మే చదువుతున్నాను. మా హాస్టలు బట్టలుతికేది లాలాపేట నుంచి వచ్చే అవ్వ. మోసేది ఆమె ఒక్కగానొక్క గాడిద. ఆ మూటలు మౌలాలి గుట్టకేమీ తీసిపోయేవి కావు. తార్నాకలో మా మేనమామ ఉండేవాడు. మూగజీవాలను బాధపెట్టేవాళ్ల మీద కేసులు పెట్టడం ఆయన ఉద్యోగం. ఆయన సైకిలు బెల్లు వినబడితే ముషీరాబాదు దాకా టాంగావాళ్లు కిందికి దిగి గుర్రాలతో పాటు నడిచేవారు.

ఒక ముసురు రోజు మామా, ఆయన వెంట ఉండే కానిస్టేబులూ, నేనూ చాయ్ తాగుతుంటే అవ్వ, గాడిద ఎదురొచ్చారు. గాడిద కాళ్లు వణుకుతున్నాయి. మామ గ్లాసు కింద పెట్టాడు.

"ఇంత బరువేసినవేంది అవ్వా? చట్టం ఒకటున్నదని ఎరుకేనా?"

"నేనేసినప్పుడు ఎండిన బట్టలే సారూ. నడుమల వాన పడ్డది. కేసు పెడ్తె వాన మీద పెట్టు."

మామ మూటలు దింపించి వీపు మీది గోనెసంచి ఎత్తాడు. దాని కింద మెత్తగా మడతపెట్టిన తెల్ల చొక్కా. చొక్కా కింద అరచేతంత పుండు. మామ పుండునూ చూశాడు, చొక్కానూ చూశాడు, చివరికి నన్నూ చూశాడు. దసరాకు ఆయన నాకు కుట్టించిన చొక్కా అది.

"పుండు ఒరుసుకుంటదని మెత్తటిది సూసి పెట్టిన," అన్నది అవ్వ నా వైపు తిరిగి. "అన్నిట్ల నీదే మెత్తగున్నది బిడ్డా."

మామ ముఖంలోకి నవ్వు వచ్చి, మళ్లీ వెనక్కి పోయింది. పుండున్న జంతువుతో పని చేయించడం నేరం. కేసు రాసి, గాడిదను పశువుల దవాఖానాకు తోలుకుపొమ్మని కానిస్టేబులుకు చెప్పాడు. అప్పటిదాకా ఎదురు మాట్లాడిన అవ్వ గొంతు ఒక్కసారిగా సన్నబడింది.

"దవాఖానకు పోయింది మళ్ల రాదంట సారూ. సూదేసి సంపుతరంట. అది లేకుంటె నేనెట్ల బతకాలె?"

"నేనున్న కదా. సంపనియ్య," అన్నాడు మామ. అవ్వ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

మేజిస్ట్రేటు అవ్వను మందలించి వదిలేశాడు, గాడిదను మాత్రం పుండు మానేదాకా దవాఖానాలోనే ఉంచమన్నాడు. అన్నాళ్లూ మా మూటలు మేమే మోశాం. మా మూలుగులకు విద్యానగర్‌లో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. లా చదివే మిత్రుడొకడు తన తరఫున కేసు పెట్టమని మా మామను వెతుక్కుంటూ పోయాడు. దుప్పటి మాసిందా లేదా అని చేత్తో తూచి మరీ ఉతుక్కి వేయడం అప్పుడే నేర్చుకున్నాం. అవ్వ మాత్రం వచ్చిన ప్రతిసారీ మమ్మల్నడిగేది ఒకటే: "బతికే ఉన్నదా?"

పుండు మానిందని కబురొచ్చిన రోజు నేనూ మామా ఆమెను వెంటబెట్టుకుని పోయాం. గాడిద కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది. అవ్వను చూడగానే తాడు తెంపుకుని, రెండు గోడలు దూకి ఉరికి వచ్చింది. అవ్వ దాని వీపంతా తడిమింది. "పుండు లేదు సారూ, మచ్చనే ఉన్నది," అంటూ అక్కడే కూలబడి నవ్వింది.

మామ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇగ సగం మూటలే ఏయాలె. మళ్ల గిట్ల జూస్తే నిన్నే పట్కపోత."

"పట్కపో సారూ. గీడ తిండి మంచిగనే పెడ్తున్నరు!"

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. గుట్టంత మూటలు, మా మూలుగులు కాస్త సాగదీసినవే. పూర్తిగా కల్పించింది మాత్రం గాడిద పరుగు. అది తలైనా ఎత్తకుండా గడ్డి మేస్తూనే ఉంది. గేటు దగ్గర్నుంచి ఉరికింది అవ్వ. ఇన్నేళ్లుగా నేను చెప్పిన ప్రతిసారీ ఆ గాడిద ఇంకో గోడ దూకుతోంది. అవ్వ మాత్రం ఆనాడెంత వేగంగా ఉరికిందో ఇప్పటికీ అంతే వేగంగా ఉరుకుతోంది.