ఉగ్గుగిన్నెతో మలికిపురం దాకా

అమలాపురం నుంచి మలికిపురం వెళ్లేవారు పొద్దున్నే బయలుదేరడం మంచిది. బొగ్గుతో నడిచే మొదటి బస్సు తప్పితే బోడసకుర్రు రేవు చేరేసరికి ఎండెక్కిపోతుంది. మా అమ్మ ఒళ్లో ఇంకా పేరైనా పెట్టని పసిపిల్ల ఉంది. అందుకని చీకటితోనే బస్సెక్కేశాం.

ఆ పిల్లని కని మా చెల్లెలు పురిట్లోనే పోయింది. పిల్లకి ఆవుపాలు పడలేదు, మేకపాలూ పడలేదు, ఏది పట్టినా కక్కేస్తోంది. గాడిదపాలు తేలిక, పట్టి చూడమన్నాడు వైద్యుడు. మలికిపురంలో బట్టలుతికేవారి ఇంట గాడిద ఈనిందని తెలిసింది. అంత దూరం నుంచి తెస్తే విరిగిపోతాయని పిల్లనే తీసుకుని బయలుదేరాం.

నేను హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెబుతాను, నోరు ఊరుకోదు. పక్కన కూర్చున్న కొబ్బరి వర్తకుడు, "ఆవుపాలు పడనిది గాడిదపాలు పడతాయాండీ?" అన్నాడు. గాడిద, గుర్రం ఒంటిగిట్టవనీ, ఆవు, గేదె, మేక చీలిన గిట్టలవనీ, వాటి పాలలోనూ తేడా ఉంటుందనీ చెప్పాను.

"మరి గబ్బిలం పిట్టేనాండీ?"

"కాదండీ, అదీ పిల్లకి పాలిచ్చేదే. సముద్రంలో తిమింగలమూ అంతే. ఎలుక, ఉడత లాంటి కొరికేవి ఒక వర్గం, పులి, కుక్క లాంటి మాంసం తినేవి ఇంకోటి, కోతులూ మనమూ మరోటి. దూరదేశాల్లో పిల్లని పొట్టమీది సంచిలో పెంచేవున్నాయి, గుడ్డు పెట్టి పాలిచ్చేవీ ఉన్నాయి. అన్నిటినీ కలిపి క్షీరదాలంటాం."

"నీ పాఠం తర్వాత చెబుదువుగాని. పిల్ల ఏడవడం మానేసింది, చూడు" అంది అమ్మ. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఊపిరి సన్నగా ఆడుతోంది.

నావలో రేవు దాటి, పాశర్లపూడిలో జట్కా మాట్లాడుకుని మధ్యాహ్నానికి మలికిపురం చేరాం. ఇంటాయన గాడిద ముందు దాని పిల్లని నిలబెట్టి పాలు పితికాడు. అమ్మ ఉగ్గుగిన్నె కొమ్ముతో చుక్కచుక్కగా పోసింది. పిల్ల మింగి కళ్లు తెరిచింది. కాసేపటికే అవీ కక్కేసింది.

"ఇంటికి తీసుకుపోదాంరా" అంది అమ్మ. పిల్ల మీద ఆశ వదిలేసుకుందని తెలిసింది.

తిరుగుదారిలో నావ కోసం రేవులో కూర్చున్నాం. ఎదురుగా తండ్రితో ఒకమ్మాయి ఉంది, ఉప్పలగుప్తంలోని పుట్టింటికి వెళుతోందట. ఆమె రవికె ముందంతా తడిసి ఉంది. పిల్లని చూసి లేచి వచ్చింది.

"ఇలా ఇవ్వండమ్మగారూ."

"మీరేవిటోళ్లమ్మా?" అంది అమ్మ. మావైపు కులం అడగడానికి అదే మాట.

"పాలున్నోళ్లమండీ" అందామె. "మా పిల్లోడు మొన్న పోయేడండీ. ఇయ్యి మాత్రం ఆగలేదు."

అమ్మ చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత పిల్లని ఆమె చేతుల్లో పెట్టింది.

నావ నది మధ్యకి వచ్చేసరికి పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ దారిలో ఏం చూశావని ఎవరైనా అడిగితే, ఇప్పటికీ ఆ చప్పుడు గురించే చెబుతాను.

అవతలి ఒడ్డున అమ్మే అడిగింది, కొన్నాళ్లు అమ్మాయిని మా ఇంట ఉంచమని. "ఆయ్, దాని ఇష్టమండీ" అన్నాడు తండ్రి. ఆమె తలూపింది. బస్సులో అమ్మ పక్కనే కూర్చుంది, పిల్ల ఒళ్లో నిద్రపోయింది, పాలు కక్కలేదు.

దీపాల వేళకి ఇల్లు చేరాం. ఆమె గుమ్మం ముందు ఆగిపోయింది.

"నేనీ అరుగుమీద పడుకుంటానండీ."

"పిల్ల పడుకునేది లోపల కదమ్మా" అంది అమ్మ.