ఇత్తడి ఫిల్టరు, రేకు ఫిల్టరు

కొత్త అట్టపెట్టెల వాసనా, అప్పుడే మరపట్టిన కాఫీ గింజల వాసనా ఏసీ గదిలో కలిస్తే మనిషికి ఎంత అయోమయంగా ఉంటుందో పోయిన నెల ఒక పెద్ద దుకాణంలో నిలబడ్డాక తెలిసింది. ఎదురుగా బల్ల మీద ఎస్ప్రెసో మిషన్లు వరసగా తళతళలాడుతున్నాయి. అమ్మకాలు చూసే పిల్ల బాయిలరంటోంది, ప్రెషరంటోంది, ఒకదానికి ఇత్తడి లోపలి భాగాలంటోంది, ఇంకోదానికి స్టీలంటోంది. నేను అన్నిటికీ తలూపి, అందులో బరువైన మిషన్ని రెండు చేతులతో ఎత్తి చూశాను, వేలి కణుపుతో దాని పక్కన కొట్టి విన్నాను, ఆ తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి అయస్కాంతం తీశాను. ఆ పిల్ల నా వైపు కాస్త జాలిగానే చూసింది. మా ఇంట్లో మాత్రం ఈ మూడు పరీక్షలూ నెగ్గని సామాను గడప దాటిన పాపాన పోలేదు.

మిషను నా కోసం కాదు, పక్కన స్టూలు మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా అమ్మ కోసం. అమ్మ వేళ్ల కణుపులు వాచి వంకర తిరిగాయి. ఫిల్టరు పైగిన్నెని కిందగిన్నె నుంచి లాగలేకపోతోంది. అంచేత నేనే పొద్దున్న కాఫీ కలిపి ఫ్లాస్కులో పోసి ఆఫీసుకి వెళ్తున్నాను. మధ్యాహ్నం మూడింటికి అమ్మ దాన్ని తెరిచి రెండు గుక్కలు తాగి, మిగతాది సింకులో పారబోస్తుందని ఆఫీసు నుంచి తొందరగా వచ్చిన ఒక రోజున నా కళ్లతో చూశాను.  ఆ మూడు గంటల కాఫీ అమ్మ చేత్తో అమ్మ చేసుకోవాలి, అంతే నాకు కావలసింది. ఇంత చిన్న కోరికకి నెలరోజులు ఇంటర్నెట్టు చదివాను. ఒకడు బరువే నాణ్యతన్నాడు, ఇంకొకడు అడుగున ఇనప దిమ్మ బిగించి బరువు చూపించి మోసం చేస్తారన్నాడు, మూడోవాడు ఈ ఇద్దరి మాటా నమ్మొద్దన్నాడు. చదివినకొద్దీ ఉన్న మతి కూడా పోయింది.

నా చిన్నప్పుడు మేం పోర్టు పక్క మల్కాపురంలో ఉండేవాళ్లం. కిటికీ చువ్వల మీద పొద్దున్న తుడిచిన చోటే సాయంత్రానికి మళ్లీ ఎర్రదుమ్ము, గాలి తిరిగితే రిఫైనరీ వాసన, పరీక్షలకి చదువుకుంటుంటే ఓడ కూత. ఎండాకాలం అరుగు మీద చల్లటి ముంజలు గోటితో తొలుచుకుంటూ, వానాకాలం వరండాలో చింతపిక్కలాట ఆడుకుంటూ, నోట్లో మామిడి తాండ్ర ముక్క కరగకుండా ఎవరు ఎక్కువసేపు దాచుకుంటారా అని పందాలు వేసుకుంటూ పెరిగాం. నాన్న పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనది పద్మనాభం దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే కుటుంబం. నాయనమ్మ అక్కడి నుంచి బస్సులో చోళ్ల మూట, అదే రాగులు, మోసుకొచ్చి, నెలలో సగం రోజులు మాతోనే ఉండి, పొద్దున్నే అంబలి కాచి పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తాగేది. మా రెండు వైపుల వాళ్లకీ కాఫీ అంటే పెళ్లివారికిచ్చే పానీయమే తప్ప ఇంట్లో కాచుకునేది కాదు.

అమ్మకి ఆ అలవాటు చేసింది పక్కింటి పిన్ని. వాళ్లది గోదావరి జిల్లా, స్టీల్‌ప్లాంటు ఉద్యోగం మీద వచ్చారు. కొత్తగా కాపురానికొచ్చి, కాంపౌండులో ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గుమ్మంలో నిలబడ్డ అమ్మని పిలిచి, “ఓ చుక్క తాగి చూడమ్మా పైడమ్మా, అలవాటైతే నువ్వే వదలవు” అందట. మధ్యాహ్నం అంట్లు తోమి, నాయనమ్మ నడుం వాల్చాక, మూడింటికి ఇద్దరూ వెనక గుమ్మంలో కూర్చుని గ్లాసులు ఊదుకుంటూ తాగేవారు. పుట్టింటివారు ఇచ్చిందీ కాదు, అత్తింటివారు నేర్పిందీ కాదు, అమ్మకంటూ ఉన్నది ఆ అరగంటే. అప్పుడు నాకది తెలియదు. వెళ్లి ఒళ్లో పడుకుంటే, ఎన్నడూ కసరని మా అమ్మ, ఆ అరగంటా మాత్రం నన్ను అవతలికి పొమ్మనేది.

పిన్నివాళ్లు క్వార్టర్సుకి మారిపోయాక అమ్మ నోరు తెరిచి ఒక ఫిల్టరు కావాలంది. ఎన్నడూ ఏదీ అడగని మనిషి అడిగేసరికి నాన్నకి ఉత్సాహం వచ్చి అందరినీ పూర్ణా మార్కెట్‌కి తీసుకెళ్లాడు. ఆ సామాన్ల కొట్టు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది: పైకప్పు దాకా వేలాడదీసిన గంగాళాలు, చింతపండు పెట్టి తోమిన ఇత్తడి వాసన, బిందెల మీద పేర్లు చెక్కే మిషను చేసే కీచురొద. నాన్న ఒక ఇత్తడి ఫిల్టరు తీసి అరచేతిలో ఎగరేసి తూచాడు. పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది, దాన్ని ఆనించి చూసి, ఇనుముకి పూత పూసింది కాదని తేల్చాడు. నాయనమ్మ కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంది.

“ఖంగుమంటంది. మంచి సరుకే.”

“రెండు గిన్నెలకీ మద్దిన ఎంట్రుక దూరదు, సూడు” అని నాన్న పైగిన్నెని కిందగిన్నెలో కూర్చోబెట్టి మురిసిపోయాడు.

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి తిప్పింది. “ఒంటిసేత్తో రావట్నేదు” అంది. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, డబ్బులివ్వకముందే దాని మీద ఎవరి పేరు చెక్కించాలా అని తల్లీకొడుకులు చర్చలోకి దిగారు. చివరికి తాతయ్య పేరే పడింది. మా ఇంట్లో బిందెలూ పళ్లాలూ అన్నీ ఆయన పేరునే ఉండేవి, అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటి మీద వాళ్ల నాన్న పేరుండేది. నేను నాన్న పార్టీ. ఆ బరువైన ఫిల్టరుని ఇంటిదాకా మోసింది నేనే.

వీధి వీధంతా మెచ్చుకున్న ఆ ఫిల్టరు, వేడినీళ్లు పోయగానే బిగుసుకుపోయేది. అమ్మ తడిగుడ్డ చుట్టి లాగేది, ముంజేతులతో నొక్కిపట్టి తిప్పేది, రోకలిబండతో ఓసారి మెల్లగా తట్టింది కూడా. ఊడేది కాదు. నాన్న పొద్దుటి షిఫ్టయితే మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, నూనె చేతుల్తో ఒక్క తిప్పు తిప్పి, “ఇంతేనేటి?” అని నవ్వేవాడు. రెండో షిఫ్టు వారంలో మూడింటికి కాఫీ ఉండేది కాదు. అమ్మ వెనక గుమ్మంలో ఆ బిగుసుకుపోయిన ఫిల్టరుని ముందు పెట్టుకుని ఊరికే కూర్చునేది. “నాను వచ్చి తీస్తాను కదేటే, అంతవరకూ ఆగలేవా” అనేవాడు నాన్న. అందులో ఆయన ప్రేమే ఉంది తప్ప ఇంకేమీ లేదు. ఇంత మంచి వస్తువు కొనిచ్చాక కూడా అమ్మ ముఖం ఎందుకలా ఉంటుందో నాకు అర్థమయ్యేది కాదు. నాన్న మీద జాలేసేది.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆమె గంపెత్తుకుని కేకేసుకుంటూ వచ్చింది. నాయనమ్మ నిద్రపోతోంది. అమ్మ పెట్టె అడుగు నుంచి తన జరీ అంచు చీర తెచ్చి ఆమె ముందు పెట్టింది. పండక్కి కట్టుకునే చీర. దానికి బదులుగా గంపలోంచి ఒక చిన్న స్టీలు ఫిల్టరు తీసి, పైగిన్నెని ఒంటి చేత్తో ఊడదీసి, మళ్లీ పెట్టి, మళ్లీ ఊడదీసి, చాలంది. నాకు మతిపోయింది. పలచటి రేకు, నొక్కితే సొట్టపడేలా ఉంది. ఇంకా గిన్నెలు అడగవేమే అంటే వినదు. ఆమె వెళ్లిపోయాక, “నీ కంపాసు ముల్లు తేయే, దీనిమీద నా పేరు రాయి. నీ రాత గుండ్రంగా ఉంటాది” అంది. నేను జామెట్రీ బాక్సు తెచ్చి అరుగు మీద కూర్చుని ‘పై’ అక్షరం నుంచి మొదలుపెట్టి పైడమ్మ అని గీకాను. ముల్లు జారి ‘డ’కి తోక వచ్చింది. అమ్మ అక్షరాల మీద వేలితో తడిమి, లోపలికెళ్లి నీళ్లు పెట్టింది.

“ఓలమ్మో, ఇదేటి రేకుడబ్బా, ఊదితే ఎగిరిపోద్ది” అంది నాయనమ్మ లేచాక. నాన్న రాత్రి వచ్చి అయస్కాంతం ఆనిస్తే టక్కుమని అతుక్కుంది. పైన పటారం లోన లొటారం అని ఎవరి వస్తువునైనా ఎగతాళి చేసే మనిషి, ఆ గిన్నెని తిప్పి అమ్మ పేరు చూసి, అయస్కాంతాన్ని పీకి జేబులో వేసుకుని భోజనానికి కూర్చున్నాడు. ఆ దసరాకి ఆయుధపూజలో ఆయన స్పానర్లు, సుత్తులు, సైకిలు వరసన కుంకుమ బొట్టుతో ఆ రేకు ఫిల్టరు కూడా ఉంది. ఎదురుగా పళ్లెంలో బూరెలు పొగలు కక్కుతున్నాయి. బొట్టు పెట్టింది నాన్నో అమ్మో నేను చూడలేదు, అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే నాన్న లేడు, అమ్మ నవ్వి ఊరుకుంటుంది.

దుకాణంలో నేను నిలబడింది ఇదంతా గుర్తొచ్చి కాదు, ఆ బరువైన మిషను మీద మనసు పడి. అయస్కాంతం ఒకవైపు అతుక్కుంది, ఇంకోవైపు జారిపోయింది. మంచి స్టీల్లో అతుక్కునేదీ ఉంటుందట, అతుక్కోనిదీ ఉంటుందట. అమ్మని లేపి దగ్గరికి తీసుకొచ్చాను.

“ఇదేటే, రోడ్డురోలరా?” అంది అమ్మ.

కాఫీపొడి నింపే పిడిని మిషనులో పెట్టి పక్కకి తిప్పి బిగించాలి. అమ్మ రెండు చేతులా పట్టుకుని తిప్పింది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. పెదవి బిగించి, చెయ్యి తీసి కొంగులో దాచుకుంది.

“పర్లేదమ్మా. పొద్దున్న నాను బిగించేసి వెళ్తాను కదా” అన్నాను.

అన్నది నేనే, గొంతు మా నాన్నది. అమ్మ నా ముఖం వైపు చూసి, వెళ్లి స్టూలు మీద కూర్చుంది. వెనక గుమ్మంలో కూర్చున్నట్టే కూర్చుంది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, ఆ పిల్ల ముందు రెండూ దాచుకోవాల్సి వచ్చింది.

వరస చివర ప్లాస్టిక్ బాడీ మిషనొకటుంది. ఎత్తితే ఖాళీ డబ్బాలా లేచింది, కొడితే బోలుగా మోగింది, అయస్కాంతం ఎక్కడా నిలవలేదు. నాన్న, నాయనమ్మ, నేను ముగ్గురం కలిసి ఫెయిల్ చేయాల్సిన వస్తువు. అమ్మ ఎడమచేత్తో దాని నెత్తిన ఆన్చి, కుడిచేత్తో పిడి తిప్పింది. తిరిగింది. వెనక్కి తిప్పితే ఊడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఊడదీసింది. అప్పుడు నేను ఆ పిల్లని బిల్లు రాయమన్నాను.

ఇది మంచి మిషనో కాదో నాకిప్పటికీ తెలియదు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. ఇత్తడి ఫిల్టరు మా హాల్లో మనీప్లాంటుకి కుండీ అయ్యింది, రేకుది సొట్టలు పడి, పేరు అరిగిపోయి, వంటింటి అలమరలో ఉంది. పాతబట్టలకి సామాన్లిచ్చేవాళ్ల కేక మా అపార్ట్‌మెంటు గేటు దాటి రాదు, మల్కాపురంలో ఆ అరుగుల్లేవు, మిషను మీద పేరు చెక్కిస్తారా అని అడిగితే వారంటీ పోతుందండీ అంది ఆ పిల్ల. ఆదివారం అమ్మే అడిగింది, కంపాసు ఉందేటే అని. మా అబ్బాయి బాక్సులోంచి తెచ్చి, వారంటీని దేవుడికి వదిలేసి, మిషను పక్కన రాశాను. ‘డ’కి ఈసారి తోక రాలేదు.

మర్నాడు ఆఫీసులో ఉండగా మూడు దాటాక ఫోనొచ్చింది. ముందు మిషను గురగుర వినపడింది, ఆ తర్వాత గ్లాసులోకి కాఫీ కారుతున్న చప్పుడు.

“నువ్వొచ్చీదాకా ఆగక్కర్నేదే” అంది అమ్మ, నెమ్మదిగా ఊదుకుంటూ.