అవ్వను అడగని ప్రశ్న

మన దిక్కు జనానికి ఒక రోగమున్నది. బస్సుల పక్కసీటు దొరికితే చాలు, మనిషి కుదురుగ కూసోకముందే అడుగుతరు: "ఏ ఊరు? మీరేమోళ్లు?" చెప్పకపోతే ఇంటిపేరు అడుగుతరు. ఇంటిపేరుతోని తేలకపోతే చుట్టాలెవలో అడుగుతరు. వదులుతరా? వదలరు. మందమర్రి క్యాథరిన్‌ను నలభై ఆరేండ్ల సంది గిట్లనే అడుగుతున్నరు.

క్యాథరిన్ బొగ్గుబాయి కార్మికుల కాలనీల అంగన్‌వాడీ టీచర్. పొడుగు మనిషి, గట్టి గొంతు. పొడుగూ గొంతూ బాపుయి. ఎత్తు బుగ్గలు, చిన్న కండ్లు కన్నతల్లి అవ్వయి. ఆ రెండూ ఒక్క మొఖంల కలిసి కనబడే సరికి జనాలకు నిద్రపట్టది, తేల్చుకోవాల్నని పరేషాన్ అయితరు.

బాపు సీమోనుది కరీంనగర్ దిక్కు, మెథడిస్టు సంఘపోళ్లు. బాయిల నౌకరి దొరకకముందు ఉట్నూరు అడవుల వెదురు కొట్టే పనికి పోయిండు. గాడ ఒక గోండు గూడెం పిల్ల వెదుళ్లు మోసేది. ఒకర్నొకరు చూసుకున్నరు, ఒకనాడు ఎవలకూ చెప్పకుంట లారీ ఎక్కి వచ్చేసిండ్రు. చర్చిల బాప్తిస్మమిచ్చి, పెండ్లి చేసి, పాస్టరయ్య ఆ పిల్లకు రిబ్కమ్మ అని పేరు పెట్టిండు. బైబిల్ల రిబ్కమ్మ గూడ దూరదేశం నుంచి పెండ్లికి వచ్చిన పిల్లనే అని చెప్పిండట. మంచి మనసుతోనే పెట్టిండు, ఆయన్ని అనేదేం లేదు. గని ఆ దినం సంది ఆమె పాతపేరు పిలిచిన మనిషి లేడు. రేషన్ కార్డు, ఆధార్, ఓటు అన్నిట్ల రిబ్కమ్మనే. కన్నబిడ్డకు గూడ అదే పేరు తెలుసు.

"మీరేమోళ్లు?" అంటే క్యాథరిన్ దగ్గర మస్తు జవాబులున్నయి. బస్సుల అడిగితే "బాయోళ్లం" అంటది. బొగ్గుబాయిల పనిజేసేటోళ్లని అర్థం, దానికి ఎదురు మాట్లాడేటోడు మందమర్రిల దొరకడు. చర్చిల కొత్తోళ్లు అడిగితే "సీమోను బిడ్డను" అని పక్కకు తప్పుకుంటది. ఆఫీసుల అడిగితే బాపు సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెడతది. ఇవేవీ ఆగక "కాదు గని, మీ అవ్వ దిక్కు ఎవలు?" అని తవ్వేటోళ్లు ఉంటరు చూడుండ్రి, వాళ్లకు మాత్రం "మాది కరీంనగర్ దిక్కే" అని అబద్ధం చెప్తది.

ఆ అబద్ధం ఊరికె పుట్టలే. ఇరవై మూడేండ్ల వయసుల పెద్దపల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది, చదువు నచ్చింది. గడప దిగంగ పిల్లగాని మేనత్త అన్నది, "తల్లి అడవి మనిషంట గదా." గంతే, మళ్ల మాట రాలే. రెండో సంబంధం వచ్చిననాడు క్యాథరిన్ అవ్వను వంటింట్ల నుంచి బయటికి రావద్దన్నది. అవ్వ రాలే. అవ్వకు జెరమని చెప్తే, చాయ్ గ్లాసులు గూడ యాదవ్వనే అందించింది. యాదవ్వంటే పక్క క్వార్టర్ల ఉండే ముసలామె. నోరు పెద్దది, మనసు గూడ పెద్దదే. వచ్చినోళ్లకు ఎట్లనో తెలిసింది, అబద్ధమాడిండ్రని గా సంబంధం గూడ పోయింది. ఇగ నాకు పెండ్లే వద్దన్నది క్యాథరిన్. అడిగినోళ్ల మీద రావల్సిన కోపమంతా అవ్వ మీదికి మళ్లింది. సీమోను పోయినంక ఇంట్ల ఇద్దరే ఆడోళ్లు, అన్నం పెట్టుడు, మందులిచ్చుడు అన్నీ జరిగినయి. మనసువిప్పి మాట్లాడుకునుడు మాత్రం జరగలే.

గట్లాంటి మనిషి చేతికి దేవుడు ఏమిచ్చిండో చూడుండ్రి. 2024 నవంబర్ల ఇంటింటి సర్వే వచ్చింది. కాలనీల నూట యాభై ఇండ్లు క్యాథరిన్‌కు పడ్డయి. ఇంటికి పోవాలె, మనిషి ఎదురుంగ కూసోవాలె, అడిగి రాయాలె. ఎవరింటి సంగతి ఎరుకున్నా సరే, నోటితోని అడగకుంట సొంతంగ రాయద్దని ట్రైనింగుల గట్టిగ చెప్పిండ్రు. అడగాల్సినయి బోలెడున్నయి. వాటిల్ల ఒకటి కులం.

మొదటి రెండు దినాలు ఆమె నాలుక తిరగలే. అక్కడి దాకా గబగబ అడిగి, ఆ గడి కాడ గొంతు తగ్గించేది. జనం మాత్రం తడుముకోలే. యాదవ్వయితే, "ఏందే టీచరమ్మా, గిన్నేండ్లు పక్కింట్ల ఉండి గిప్పుడడుగుతున్నవా?" అని పగలబడి నవ్వి, తన మనుమడు వెస్లీ సంగతి గూడ చెప్పింది. ఆ పిల్లగాని తండ్రి చర్చోడు, తల్లి సాలోళ్ల పిల్ల. రిటైరైన లక్ష్మీరాజం ఇంకా నయం. "మా అవ్వది ఛత్తీస్‌గఢ్, మా బాపుది చెన్నూరు. నీకేది సులువైతే గది రాస్కో. అడిగినోళ్లకు నేను రెండూ చెప్త" అని బీడి ముట్టించిండు. సిగ్గు లేదు, దాచుడు లేదు. క్యాథరిన్‌కు ఆ మాట నాల్గు దినాలు బుర్రల తిరిగింది. ఇంత సులువా, నాకెందుకు రాదు అని తన మీద తనకే చీదర పుట్టింది.

నూట నలభై తొమ్మిది ఇండ్లు అయినయి. మిగిలింది తమ ఇల్లే. ఫారాలు రేపు పొద్దున సూపర్‌వైజర్ శ్రీహరికి ఇయ్యాలె. అవ్వ గడిల ఏం రాయాలె? గోండు అని రాస్తే కాలనీ అంతా తెలుస్తది, గిన్నేండ్ల అబద్ధం బయటపడతది. రాయకపోతే ఇంటింటికి తిరిగి అందరితోని నిజం చెప్పించిన మనిషి సొంతింట్ల దొంగ అయితది.

ఆమె ఎక్కువ ఆలోచించలే. పొద్దుగూకే యాళ్లకు మంచం మీద కూసోని, ఎవర్నీ అడగకుంట, గబగబ నింపేసింది. రిబ్కమ్మ, వయసు డెబ్బై నాలుగు, క్రైస్తవురాలు, కులం భర్తదే. క్వార్టర్ అవ్వ పేరు మీదున్నది, యజమాని వేలిముద్ర పడాలె. సిరా డబ్బ తీస్కపోయి అవ్వ ముందట పెట్టింది.

"వేలు పెట్టవ్వా."

అవ్వ చిక్కుడుకాయలు తుంచుతున్నది. తల ఎత్తలే. "ఏం రాసినవ్?"

"అన్నీ రాసిన."

"యాదవ్వను అడిగినవ్. ఆమె మనుమన్ని అడిగినవ్. ఊరందర్ని అడిగినవ్, బిడ్డా. నన్ను అడగలేదేం?"

క్యాథరిన్ దగ్గర అన్నిటికీ జవాబులుండెగద, గా దినం మాత్రం సిరా డబ్బ మూసి పక్కకు జరిపింది. అవ్వ చాట పక్కకు పెట్టి, కొంగుతోని చేతులు తుడుచుకొని, పీట మీద సర్దుకొని కూసున్నది. నూట యాభయ్యో ఇంటి మనిషి, ఎప్పుడడుగుతరా అని ఎదురుచూసిన మనిషి.

బిడ్డ కింద కూసోని, పెన్ను మూత తీసి అడిగింది. "పేరు?"

"సక్కుబాయి. మెస్రం సక్కుబాయి."

నలభై ఆరేండ్లకు కన్నతల్లి పేరు తెలిసింది.

"మావోళ్లు కలిస్తే గిట్ల ఏమోళ్లని అడగరు" అన్నది అవ్వ. "ఎన్ని దేవుళ్లోళ్లు అని అడుగుతరు. మేం ఏడు దేవుళ్లోళ్లం. ఏడోళ్లు ఏడోళ్లు అన్నదమ్ములు, వాళ్లల్ల పెండ్లి కుదరది. వేరే లెక్కోళ్లతోని కుదురుతది. పేరు తెలవకున్నా సరే, గా లెక్క చెప్తే వీడు నాకు బావో తమ్ముడో తెలిసిపోతది. మీ బాపును మొదలు చూసిననాడు నేను గదే అడిగిన. ఒక్కడే దేవుడన్నడు. గా లెక్క మావోళ్లల్ల లేదు గదా, నవ్వొచ్చింది నాకు."

ఇన్నేండ్లల్ల అవ్వ నవ్వుకుంట గిన్ని మాటలు మాట్లాడంగ క్యాథరిన్ చూడలే.

"మరి నువ్వు ప్రార్థన చేస్తవు, చర్చికి పోతవు..."

"ప్రార్థన నాదే. పుట్టుక గూడ నాదే. రెండిట్ల ఏదీ ఎవలకు ఇయ్య."

"మరి నాకెందుకు చెప్పలేదవ్వా?" అని గట్టిగ అడిగింది బిడ్డ, తప్పంతా అవ్వదే అన్నట్టు.

అవ్వ మెల్లగ చెప్పింది. "నీకు పదకొండేండ్లున్నప్పుడు మా అన్న వచ్చిండు. తెల్ల రుమాలు, చెవులకు పోగులు. అడవి నుంచి తేనె సీసా తెచ్చిండు. లారీ ఎక్కి వచ్చేసినదాన్ని మా గూడెం వదిలేసింది గని, మా అన్న వదలలే. ఎట్లనో వెతుక్కుంట వచ్చిండు. వాకిట్ల నువ్వు మీ సోపతోళ్లతోని ఆడుతున్నవ్. ఎవరే ఆయన అని వాళ్లడిగిండ్రు."

ఆయన మొఖం అవ్వ మొఖం లెక్కనే ఉండె, మామని తెలిసే తను చెప్పిన జవాబు క్యాథరిన్ మరువలేదు. ఎవలకూ ఇనబడలేదనుకొని గిన్నేండ్లు బతికింది.

"తేనె అమ్మేటాయన అన్నవ్" అన్నది అవ్వ. "నేను తలుపెనుక ఉన్న. నాకు ఇనబడ్డది. మా అన్నకు గూడ తెలుగొస్తది. నిన్ను నలుగుర్ల చిన్నబోనియ్యద్దని, తేనె కావాల్నా బిడ్డా అని నిన్నే అడిగిండు. సీసా గోడ మీద పెట్టి, మంచినీళ్లు గూడ తాగకుంట మర్లిపోయిండు. నేను ఉరికొచ్చేసరికి సందు మలిగిండు. మళ్ల రాలే."

"నన్ను కొట్టకపోతివా అవ్వా!" అని ఏడ్చింది క్యాథరిన్. నలభై ఆరేండ్ల మనిషి, అంగన్‌వాడీల ముప్పై మంది పోరగాండ్లను ఊకుంచే మనిషి, అవ్వ మోకాళ్ల మీద తల పెట్టి చిన్నపోరి లెక్క ఏడ్చింది.

"కొడితే నీకేం తెలుస్తుండె? మీ బడిల నిన్ను ఏమంటరో నాకెరుకలేదా? నువ్వు మంచిగుంటే చాలనుకున్న. మీ బాపు లెక్కన రాసుకో, నీకేం తిప్పలొద్దు. నన్ను మాత్రం నా తీరుగ రాయి."

పొద్దున శ్రీహరి అంగన్‌వాడీ కాడికి ఫారాల కోసం వచ్చిండు. పిల్లలను దింపవచ్చిన ఆడోళ్లు, యాదవ్వ అందరు గాడనే ఉన్నరు. క్యాథరిన్ అందరి ముందట కొత్త ఫారం అడిగింది. శ్రీహరి పాతది తిప్పి తిప్పి చూసి, "ఏం తప్పున్నది మేడం? అంతా మంచిగనే ఉన్నది గదా" అన్నడు.

"మా అవ్వను అడగకుంట రాసిన. తప్పు నాది. మా అవ్వ గోండు మనిషి. పేరు మెస్రం సక్కుబాయి."

యాదవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకొని, "ఓ యవ్వ! గిన్నేండ్లు మాతోని అననే అనకపోతివి!" అన్నది. క్యాథరిన్ చెవులు ఎర్రగైనయి. తల మాత్రం దించలే.

"మరి మీరు మేడం?" అన్నడు శ్రీహరి.

"కాగితం మీద మా బాపు తీరే ఉండనీ. నోటితోని అడిగినోళ్లకు ఇద్దరి బిడ్డనని చెప్త."

శ్రీహరి మంచోడే, లేని తిప్పలు తలకెత్తుకోడు. కొత్త ఫారం ఇచ్చిండు గని, ఆధార్ల ఒక పేరు, దీంట్ల ఒక పేరుంటే రేపు పైనోళ్లు అడుగుతరని భయం. క్యాథరిన్‌ను వెంటబెట్టుకొని ఇంటికే వచ్చి, గడపల కూసున్న అవ్వకు నచ్చజెప్పవట్టిండు.

"అవ్వా, రిబ్కమ్మ అని అన్ని కాగితాలల్ల ఉండె. డెబ్బై నాలుగేండ్లొచ్చినయి. గిప్పుడు పాతపేరు తోడుకొని ఏం చేస్తవ్ చెప్పు?"

అవ్వ ముందుగాల బిడ్డ దిక్కు చూసింది, చెప్పాల్నా వద్దా అన్నట్టు. ఎవలేమడిగినా ఆమెకు గదే అలవాటు.

"చెప్పవ్వా" అన్నది క్యాథరిన్.

"సారూ, గీ రాసుడు గూడాలల్ల గూడ ఉన్నదట గదా. మా అన్న కాడికి గూడ ఎవలో ఒకరు పోయి కూసుంటరు గదా. నా చెల్లె సక్కుబాయి ఏదన్న కాగితంల ఉన్నదా సారూ అని ఆయన అడగడా? రిబ్కమ్మ అని రాస్తే నేను బతికున్నట్టు మా అన్నకు ఎట్ల తెలుస్తది?"

ఒక ఇంటి ఫారం ఇంకో ఇంటోళ్లకు చూపియ్యరని, గట్ల ఎవర్నీ వెతకరని గా ముసలామెకు ఎవలు చెప్పాలె? శ్రీహరి తల గోక్కొని క్యాథరిన్ దిక్కు చూసిండు.

క్యాథరిన్ ఆయన చేతులకెల్లి కాగితం తీసుకొని, గడపల అవ్వ పక్కపొంటి కూసున్నది. ఆమెకు తెలవంది ఇంకొకటున్నది, ఎన్నడూ అడిగింది లేదు.

"మామ పేరేందవ్వా?" అని అడిగింది.